పద్నాలుగో పోర్టు

ఇంకా పన్నెండు రోజులు. సాయంత్రం

ఈ దినచర్య రాయమన్నది నెట్‌వర్కు కేంద్రం. పెట్టెకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేలోగా రోజూ ఏం చేశామో చేత్తో రాసి, చివర్లో నివేదికకు జతచేసి పంపాలట. రాసేది ఉసేనమ్మ, మూడో గని నెట్‌వర్కు కాపరి. వయసు నలభై ఏడు, ఈ పనిలో ఆరేళ్లు. రాత బాగోలేదంటే వాళ్లే వచ్చి రాసుకోవచ్చు.

సందె సైరన్ మోగగానే లేచి, తడిగుడ్డతో మొహం తుడుచుకుని చల్లగదిలోకి వెళ్లాను. మా ఊళ్లో మనుషులకు లేని చల్లదనం ఆ ఒక్క గదికే ఉంది, ఎందుకంటే అందులో పెట్టె ఉంటుంది. పెట్టె అంటే బీరువా అంత రౌటర్. నీళ్ల లిఫ్టు ఎప్పుడు తిరగాలో, ఎండ ముదిరేముందు అందరినీ లోపలికి పంపే వడ సైరన్ ఎప్పుడు మోగాలో, డాక్టరమ్మ తెర మీదకు ఎప్పుడు రావాలో అన్నీ దాని గుండానే పోతాయి. పగలంతా నాపరాతి గోడల్లో తొలిచిన ఇళ్లలో పడుకుని, పొద్దు గుంకాక పనికి లేచే నాలుగువందల పన్నెండు మందికి అదే దిక్కు.

దాన్ని ఆపి పంతొమ్మిదేళ్లయింది. నాకు ముందు కాపరిగా ఉన్న మద్దిలేటి మామ తాళాలు ఇస్తూ ఒకే మాట చెప్పాడు. "పెట్టెను పడుకోబెట్టొద్దు మ్మే. మల్ల లేచ్చాదో ల్యాదో." ముసలాయన చాదస్తం అనుకున్నాను. ఆరేళ్లుగా నేనూ ఆపలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆపక తప్పదు. పన్నెండు రోజుల్లో చుట్టుపక్కల గనుల పెట్టెలన్నీ కొత్త సిస్టమ్‌కు మారుతున్నాయి. మారని పెట్టెతో ఇంకే పెట్టే మాట్లాడదు. మా వంతు తప్పితే మళ్లీ నలభై రోజుల తర్వాతే. పోయిన ఏడాది రెండో గనిలో వడ సైరన్ ఒక్క ఉదయం మోగకపోతే ఆరుగురిని మంచాల మీద మోసుకొచ్చారు. నలభై రోజులంటే ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం లేదు.

కేంద్రం పంపిన ఫారంలో నలభై ఒక్క ప్రశ్నలున్నాయి. మొదటిది, ఫ్యాన్లు శుభ్రం చేశారా. చేశాను. పావు కిలో బండపొడి వచ్చింది. రొట్టెల పిండి కలిపేవాళ్లకు చూపిస్తే మోసపోతారు.

ఇంకా పది రోజులు

కొత్త సిస్టమ్ ఫైలు కేంద్రం నుంచి రావడానికి రెండు రోజులు పట్టింది. పెట్టెలో చోటు చాలక, ఎప్పటివో పాత ఫైళ్లు ఒక్కోటీ చూసి తీసేశాను. తీరా వచ్చాక, ఫైలు చెడకుండా వచ్చిందో లేదో తేల్చే సరిచూపు సంఖ్య కొడితే కేంద్రం ఇచ్చినదానికీ నాదానికీ చివరి నాలుగు అంకెలు కలవలేదు.

కేంద్రంలో మా వరస గనులు చూసే ఇంజనీరు శశాంక్ సారు. నా కొడుకు వయసుంటుంది, మర్యాద మాత్రం మా ఊరందరికీ పంచేంత ఉంది.

"ఒక్క అంకె తేడా ఉన్నా ఎక్కించకండి మేడమ్. దారిలో ఎక్కడో పాడై ఉంటుంది. మళ్లీ పంపిస్తాను" అన్నాడు.

"మల్ల రెండు దినాలా సారూ?"

"రెండు రోజులేనండి. ఇప్పుడు తొందరపడితే ఆ రోజు ఏడవాల్సి వస్తుంది."

తల ప్రాణం తోకకొచ్చింది. కానీ కుర్రవాడు చెప్పింది నిజమే.

ఇంకా ఎనిమిది రోజులు

సంఖ్య కలిసింది. ఆ సంతోషంలో పదిహేడో ప్రశ్నకు వచ్చాను. పెట్టె ఇప్పుడు నడుస్తున్న సెట్టింగులకూ, దాచిపెట్టిన ఫైలులోని సెట్టింగులకూ తేడా ఉందా?

ఇది తెలియనివాళ్ల కోసం చెబుతాను. మనం పెట్టెకు ఏదైనా ఆజ్ఞ ఇస్తే అది వెంటనే పాటిస్తుంది. కానీ 'దాచు' అని విడిగా చెప్పకపోతే ఫైలులోకి రాసుకోదు. ఒకసారి ఆపితే మర్చిపోతుంది. కేంద్రం ఏటా తనిఖీకి తెప్పించుకునేది ఆ ఫైలునే.

ఫైలులో రెండువందల పన్నెండు పంక్తులు. నడుస్తున్నవి రెండువందల పదమూడు.

ఎక్కువగా ఉన్న ఆ ఒక్క పంక్తి పద్నాలుగో పోర్టుది. రోజూ మధ్యాహ్నం పన్నెండుకు వాల్వు తెరువు, నాలుగు నిమిషాల తర్వాత మూయి. ఇచ్చిన తేదీ పంతొమ్మిదేళ్ల కిందటిది. మా పటంలో పద్నాలుగో పోర్టు ఖాళీ, అంటే తీగ ఏదీ గుచ్చని సందు. ఆ పోర్టు ఉన్న కార్డు కూడా పాతకాలం నాటిది, కొత్త సిస్టమ్ గుర్తుపట్టే జాబితాలో లేదు.

"ఖాళీ పోర్టే కదా మేడమ్, కార్డు తీసి పక్కన పెట్టేయండి" అన్నాడు శశాంక్ సారు.

పెట్టె రాసుకున్న లెక్క చూశాను. నిన్న మధ్యాహ్నం పన్నెండుకు పద్నాలుగో పోర్టు పనిచేసింది. మొన్న కూడా. మధ్యాహ్నం అంటే మా ఊళ్లో కుక్క కూడా మెలకువగా ఉండని వేళ. ఆ వేళ ఎవరికోసం తెరుచుకుంటోంది? కార్డు తీయలేదు.

ఇంకా ఏడు రోజులు

మద్దిలేటి మామ ఇంటికి వెళ్లాను. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, రొట్టె పాలలో నానబెట్టుకుని తింటున్నాడు.

"మామా, పద్నాలుగో పోర్టు ఏంది?"

"ఆఁ?"

"పద్నాలుగు. పోర్టు."

"చెవులు సరిగ్గా ఇనపడటంల్యా మ్మే."

"పాలు కావాలా?" అన్నాను గొంతు బాగా తగ్గించి.

"వద్దు, చాలు" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

నా నోరు ఊరుకోదు. ఇన్నేళ్లూ పెట్టెను ఆపొద్దని నాకు చెప్పింది చాదస్తం కాదన్నమాట, ఏదో దొంగపని దాచుకోవడానికన్నమాట అనేశాను. మామ గిన్నె కింద పెట్టాడు.

"నీకు తెలియకపోతేనే మంచిది. తెలిస్తే నువ్వు రాయాల. రాసే పని నీది" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఇంకా ఆరు రోజులు. తెల్లవారాక

చెప్పనివాడిని ఏం చేస్తాం, తీగను పట్టుకుని పోవడమే. ఊరు పడుకునే వేళ నేను బయల్దేరాను. ఎనిమిది లోపు తిరిగి రాకపోతే నన్నూ మంచం మీద మోయాల్సిందే కనుక, బొంత తడిపి కప్పుకుని నడిచాను. తీగ చల్లగది వెనక గోడలోంచి దిగి, బండల కింద నుంచి, నీళ్ల పైపు పక్కనే రెండు కిలోమీటర్లు పోయి ఏడో గనిలో దిగింది. పటంలో ఏడో గని మీద 'మూసివేత' అని ఉంటుంది.

మూసివేసిన గనిలో పొయ్యి వెలుగుతోంది. ఎండ పడుతున్న చోట మనుషులు మెలకువగా, మామూలుగా పని చేసుకుంటున్నారు. పగటిపూట పని చేసే మనుషుల్ని చూసి నాకు ముప్పై ఏళ్లయింది. నీడపట్టున కూర్చుని బొంత కుడుతున్న ఒకావిడ తలెత్తింది.

"ఎవరక్కా? ఊల్లోనించి వచ్చినావా? కూసో, ఎండలో నిలబడొద్దు" అంటూ చెంబుతో నీళ్లిచ్చింది. తాగేశాక చూశాను, ఆమె వెనక ఉన్న కుండలు మూడే. వాళ్లు పదకొండు మంది.

ఆమె పేరు కాశింబీ. వాళ్లందరికీ రేచీకటి. మా ఊళ్లో పని అంతా చీకట్లో. దీపాలు పెడితే వేడి, కరెంటు దండగ. చీకట్లో కళ్లు కనపడనివాళ్లకు పనిచీటీ రాదు, పనిచీటీ లేకపోతే ఊరి నీళ్ల పుస్తకంలో పేరు ఉండదు, పేరు లేకపోతే నీళ్లు లేవు. ఈ నియమం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దానివల్ల పేరు పోయినవాళ్లు ఎక్కడికి వెళ్తారని నేను ఒక్కసారైనా అడగలేదు. సిగ్గుగా ఉంది, అందుకే రాస్తున్నాను.

"నువ్వు కప్పుకున్నది నా కుట్టే" అంది కాశింబీ నవ్వుతూ. "మద్దిలేటి మామ తీస్కపోయి అంగట్లో పెడ్తాడు. ఆయప్ప బాగుండాడా?"

"బాగుండాడు. మీకు నీల్లు..."

"దినామూ మద్దేనం పన్నెండుకు వచ్చాయి. పంతొమ్మిదేండ్లల్లో ఒగనాడు తప్పల్యా. మా పేర్లు పుస్తకంలో ఉండాయి గదక్కా. మామ రాసినాడంట. ల్యాకుంటే నీల్లెట్లా వచ్చాయి?"

ఉండాయి అన్నాను. పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఒక్కసారి కరెంటు పోయి పెట్టె ఆగి ఉంటే ఆ పంక్తి కూడా ఉండేది కాదు.

పేర్లు అడిగి ఒక్కొక్కరివీ రాసుకున్నాను. చివర్లో పన్నెండేళ్ల పిల్ల వచ్చి "నాది గౌరక్క" అంది. ఆ గడ్డం, ఆ మాట విరుపు ఎక్కడో చూశాననుకున్నాను. నా పక్కింట్లోనే చూశాను. నా పక్కింటి సిద్దమ్మ అయిదేళ్ల కిందట కూతుర్ని ఐదో గనిలో అక్క దగ్గర వదిలి వచ్చానని అందరికీ చెప్పింది.

ఇంకా ఐదు రోజులు

మామ దగ్గరికి మళ్లీ వెళ్లి, ఏడో గనికి పోయొచ్చానని చెప్పాను. ఈసారి చెవులు బాగానే వినిపించాయి.

"అప్పుడు పుస్తకం నా చేతిలోనే ఉన్నెది" అన్నాడు. "కాశింబీ పేరు కొట్టేసింది నేనే. నియమం కదా. మర్నాడు పొద్దున ఆ పిల్ల ఖాళీ బిందె సంకన పెట్టుకుని ఏడో గనికల్లా పోతాంటే సూసినా. ఆ దినమే తీగ లాగినా. దాచు అని కొడితే తనికీలో పడ్తాది. అందుకే కొట్టల్యా. కరెంటు పోతాదేమోనని పదమూడేండ్లు ఆ గదిలోనే పండుకున్నా మ్మే."

ముసలాయన ఏడ్చాడు. దొంగపని అన్నందుకు తప్పయిందని చెప్పాను. కానీ కోపం కూడా పూర్తిగా పోలేదు. పదకొండు ప్రాణాలను ఎవరికీ చెప్పకుండా ఒక్క ప్లగ్గుకు వేలాడదీశాడు.

తర్వాత ఫారం ముందేసుకుని కూర్చున్నాను. ముప్పై ఎనిమిదో ప్రశ్న: ఈ పని వల్ల సేవ ఆగేవారి పేర్లు, పోర్టు వారీగా. శశాంక్ సారును అడిగాను.

"ఈ పేర్లతో ఏం చేచ్చారు సారూ?"

"అవే కొత్త పట్టికకు మూలం మేడమ్. ఇకమీదట నీళ్ల పుస్తకం ఆ పట్టికే. పాత పెట్టెలో నడుస్తున్న కనెక్షన్లను కొత్త సిస్టమ్ ప్రశ్నలేమీ వేయకుండా తీసుకుంటుంది. కాకపోతే మొదటిసారి లేచినప్పుడు పనిచేస్తున్న పోర్టులనే తీసుకుంటుంది, ఆ మధ్యాహ్నం రెండు గంటలకు పట్టిక మూసేస్తుంది. తర్వాత ఎవరినైనా కలపాలంటే పనిచీటీ నంబరు అడుగుతుంది."

రెండోసారి చెప్పించుకున్నాను. అంటే ఆ పదకొండు మందికి పనిచీటీ లేకుండా పుస్తకంలోకి పోవడానికి ఒకే దారి ఉంది, అది ఒకే మధ్యాహ్నం తెరుచుకుంటుంది. పద్నాలుగో పోర్టు ఎదురుగా పదకొండు పేర్లు రాశాను. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు తల్లి పేరు రాయాలట. గౌరక్క దగ్గర ఖాళీ వదిలేశాను. అది నేను రాయాల్సిన పేరు కాదు.

ఆ తర్వాత పెట్టె ముందు కూర్చుని 'దాచు' అని కొట్టాను. రెండువందల పదమూడు పంక్తులు. ఈ దినచర్య కూడా కేంద్రానికి పోతుందని తెలుసు. పోనీ.

ఇంకా మూడు రోజులు. సందెవేళ

పని వల్ల ఇబ్బందిపడే అందరికీ ముందుగా తెలపాలని ఫారం చెబుతోంది. సందె సైరన్ తర్వాత ఊరంతా లిఫ్టు దగ్గర నీళ్లకు చేరినప్పుడు నిలబడి చెప్పాను. మొదట పెట్టె ఆగే వేళ. తర్వాత పద్నాలుగో పోర్టు. తర్వాత పదకొండు పేర్లు గట్టిగా చదివాను. గౌరక్క పేరు దగ్గరికి వచ్చేసరికి సిద్దమ్మ బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి వెళ్లిపోయింది.

నీళ్ల పెద్ద తిమ్మప్ప మొహం కందగడ్డలా అయింది.

"దినానికి నాలుగు నిమిసాలా? పంతొమ్మిదేండ్లా? ఆ పైపు యాడ కారుతాందోనని ఆరుసార్లు తవ్వించినా గదా! నా నడుం పడిపోయింది ఆ తవ్వకంలోనే!"

కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. పనిచీటీ లేనోళ్లకు మా నీళ్లేంటికి అని వెనకనుంచి ఒకరు అరిచారు. మద్దిలేటి మామ లేచి, తనను ఏ శిక్షయినా వేయండి గానీ నీళ్లు ఆపొద్దు అన్నాడు.

తిమ్మప్ప నడుం పట్టుకుని నిలబడ్డాడు. మంచివాడే గానీ పంతం మనిషి.

"మనకు వచ్చే వాటాలో ఆ నీల్లు ఎప్పుడో తీసేసినాం" అన్నాడు చివరికి. "ఎవురి చెంబూ తగ్గల్యా. ఇన్నాల్లూ కారిపోతాండాయని రాసినాం. ఇంగ మీదట మనుసులు తాగుతాండారని రాచ్చాం. అంతే గదా? పదండి, లిఫ్టు తిప్పల్ల."

వెనకనుంచి అరిచిన మనిషి గొణిగాడు. గొణిగి, తన బిందె నింపుకుని వెళ్లాడు.

ఆ రోజు. మధ్యాహ్నం

పదకొండుకు ఊరంతా నిద్రలో ఉంది. చల్లగదిలో నేనూ, గోడవైపు తిరిగి కూర్చున్న మద్దిలేటి మామా ఉన్నాం. పెట్టె ఆగుతుంటే చూడలేనన్నాడు, ఇంటికీ పోనన్నాడు. కాసేపటికి తలుపు తోసుకుని సిద్దమ్మ వచ్చింది. తడి బొంత కప్పుకుని, చేతిలో రొట్టెల మూటతో. మూల కూర్చుంది.

పదకొండుంపావుకు పెట్టెను ఆపాను. పంతొమ్మిదేళ్ల ఫ్యాన్ల మోత ఆగేసరికి చెవుల్లో ఏదో తగ్గినట్టయింది. కొత్త సిస్టమ్ ఎక్కడానికి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. పన్నెండుకు పది నిమిషాలుండగా మొదటి దీపం వెలిగింది, ఆ తర్వాత వరసగా లిఫ్టు, సైరన్, డాక్టరమ్మ తెర.

"నాలుగువందల పన్నెండు మందీ వచ్చారు మేడమ్!" అన్నాడు శశాంక్ సారు తెర మీద. "అభినందనలు. ముగించమంటారా?"

"పద్నాలుగు లేవల్యా సారూ."

పాత కార్డు పనికిరాదని ఆ తీగను ముందే కొత్త కార్డుకు మార్చాను. అయినా దీపం వెలగలేదు. తీగ తీసి పెట్టాను. రెండో తీగ వేసి చూశాను. పన్నెండు దాటింది. ఏడో గనిలో మూడు కుండలు పైపు కింద పెట్టుకుని కూర్చున్నవాళ్లకు, పంతొమ్మిదేళ్లలో మొదటిసారి, నీళ్లు రాలేదు.

"మేడమ్, ఒక మాట" అన్నాడు. "ఊరు మొత్తం లేచింది. ఇది ఒక్కటీ తర్వాత చూసుకుందామా?"

"తర్వాత అంటే పనిచీటీ అడుగుతాది అని మీరే చెప్తిరి. ఆల్లకు ల్యాదు సారూ. రేచీకటోల్లు. మీ ఫారంలో నాలుగువందల ఇరవై మూడు మంది ఉండారు. పదకొండు మంది ఇంగా లేవల్యా. నేను సంతకం పెట్టను."

తెర మీద ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"సరే. అటువైపు వాల్వు దగ్గరున్న పరికరం ఎంత పాతది?"

నేను మామ వైపు చూశాను. మామ గోడవైపు నుంచే చెప్పాడు. "నాకంటే ముసిలిది. దానికి ఒగటే వేగం. పదే."

"పది మెగాబిట్లేనా?" శశాంక్ సారు నవ్వేశాడు. "కొత్త కార్డు దానితో వేగం బేరం ఆడాలని చూస్తోంది మేడమ్. అటువైపు దానికి బేరం రాదు. మీరే చేత్తో పది అని ఖాయం చేయండి."

చేశాను. ఏమీ జరగలేదు. పోర్టును ఒకసారి మూసి తెరిచాను. ఒంటిగంటా పది నిమిషాలకు పద్నాలుగో దీపం వెలిగింది. వాల్వును చేత్తో తెరిచాను. నీటి లెక్క కదిలింది. మామ లేచి వచ్చి ఆ దీపం మీద వేలు పెట్టి చూశాడు.

"పట్టికలోకి తీసుకుంటోంది" అన్నాడు శశాంక్ సారు. ఒక్కో పేరూ చదివాడు. కాశింబీ. ఆ తర్వాత తొమ్మిది పేర్లు. అక్కడ ఆగాడు.

"గౌరక్క, పన్నెండేళ్లు. తల్లి పేరు ఖాళీగా ఉంది మేడమ్. ఖాళీ ఉంటే ఈ వరస తీసుకోదు. తెలియదు అని రాయమంటారా?"

నేను పెట్టె వైపు తిరిగాను. మూల నుంచి రొట్టెల మూట కింద పడిన చప్పుడయింది. సిద్దమ్మ తెర ముందుకు వచ్చి నిలబడింది. చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

"సిద్దమ్మ అని రాయండి సారూ" అంది. "సిద్దమ్మ కూతురు గౌరక్క."

ఆయన రాశాడు.